ఖాళీగా వదిలిన లెక్కలు

కాటన్‌వుడ్ లోయ, మోంటానా
జనవరి, రెండో ఆదివారం

చెల్లెమ్మ వెర్డాకు,

ఇక్కడ క్షేమం. చలి ఎక్కువగా ఉంది. కట్టెలు సరిపోతాయి.

నీతో పనిబడి రాస్తున్నాను. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు.

మన లోయిస్ ఇంకా మంచానికే అతుక్కుని ఉంది. ఏడో కాన్పు దాన్ని పిండేసింది. ఆస్పత్రికి రెండు గంటల దారి. ఆ రోజు సగం దూరం కూడా పోలేదు, బండిలోనే పుట్టాడు పిల్లాడు. పట్టుకున్నది దాని కూతురు కెటూరా. పదహారేళ్ళ పిల్ల. ఏడవలేదు, అరవలేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, "తాతయ్యా, నేను నర్సు చదువుతాను" అంది. ఇప్పటికీ అదే మాట.

వాళ్ళ నాన్న గేలన్ కాదనలేదు. కానీ పిల్ల ఏళ్ళ తరబడి పట్నంలో, కాలేజీ బెంచీల మీద కూర్చోవడం అతనికి ఇష్టం లేదు. కొన్ని చదువులు ఇంట్లోనే చదివి, పరీక్ష ఒక్కటి రాసి గట్టెక్కితే కాలేజీవాళ్ళు అది అయిపోయినట్టే రాసుకుంటారట. ముందు లెక్కలు. కాలేజీ బీజగణితం అంటారు. అది లేకుండా నర్సు చదువు గడప తొక్కనివ్వరు.

ఇన్నాళ్ళూ ఈ లోయలో ఎవరి పిల్లలకి వాళ్ళమ్మలే చదువు చెప్పుకున్నారు. ఇప్పుడు మన చర్చి సంఘం బడి కడుతోంది. సెప్టెంబరుకి తెరుస్తారు. టీచరుగా కెటూరాని అడిగారు. గేలన్ అందరి ముందూ చెప్పాడు, ఈ వేసవి దాటేలోగా పరీక్ష గట్టెక్కితే కాలేజీకి, లేకపోతే బడికి అని. కెటూరా కూడా లేచి నిలబడి సరేనంది. మనవాళ్ళలో మాటంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. బడిలో అడుగు పెడితే ఇంక ఎన్నేళ్ళో.

లోయిస్ తనకి వచ్చినంత చెప్పేసింది. ఇక రాదంది. వచ్చినా కూర్చునే ఓపిక లేదు. బల్ల దగ్గర కూర్చోవడానికి నేనే మిగిలాను. నాది ఎనిమిదో తరగతి. అందులోనూ చివరి ఏడు సగం బంగాళాదుంపలు తవ్వడంలోనే పోయింది.

నువ్వు నలభై ఏళ్ళు బడిలో చెప్పినదానివి. ఏం చెయ్యాలో రాయి.

అన్న,
ఆల్వా


మిల్ క్రీక్, మిసోరీ
జనవరి చివర

అన్నయ్యా,

కవరు బరువు చూసి ఎవరు పోయారో అనుకున్నాను. నాన్న పోయినప్పుడు కూడా నువ్వు కార్డు మీద మూడు లైన్లే రాశావు.

నేను చెప్పింది చిన్నపిల్లలకి. ఎనిమిదికి పైన నేను సొంతంగా చదువుకున్నదే తప్ప ఒకరికి చెప్పింది లేదు. అయినా లెక్క లెక్కే. ఆ పరీక్షకి ఏ పుస్తకాలున్నాయో కనుక్కుంటాను. పాఠం పాఠంగా రాసి పంపుతాను. కెటూరాకి అర్థం కానివి ఒక కాగితం మీద రాసి పంపమను. నువ్వు రాయకు, నీ దస్తూరీతో నాకు తలనొప్పి.

నీ పని ఒక్కటే. గడియారం పట్టుకో. గంటన్నరలో అరవై లెక్కలట. అంటే ఒక్కోదానికి ఒకటిన్నర నిమిషం. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి అది ప్రాణసంకటం. లోయిస్ ఇంట్లో రూలు ఏమిటో నాకు తెలుసు. తప్పు సరి అయ్యేదాకా పేజీ తిప్పకూడదు. ఆ రూలు దానికి నేర్పింది నేనే. చిన్నప్పుడు వేసవంతా నా దగ్గరుండేది కదా, అప్పుడు. కాబట్టి తప్పెవరిదని వెతక్కు, మేనత్తదే.

ఇప్పుడు దాన్ని మాన్పించాలి. లెక్క కదలకపోతే వదిలెయ్, తరవాతిదానికి పో. అది నేర్పు. పొలం దున్నేటప్పుడు రాయి అడ్డొస్తే నువ్వేం చేస్తావు? నువ్వైతే దిగి రాయి తవ్వుతావులే. అడిగి లాభం లేదు.

నా తుంటి ఈ చలికి మాట వినడం లేదు. మిగతాదంతా బాగు.

వెర్డా


కాటన్‌వుడ్ లోయ
మార్చి, మొదటి వారం

వెర్డా,

పాఠాలు అందాయి. పొద్దున పాలు తీశాక కూర్చుంటున్నాం. గుడ్లు ఉడికించే గడియారం తిప్పి బల్ల మీద పెడతాను.

మొదటిరోజు ఒకే లెక్క మీద కూర్చుంది. గడియారం మోగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ మోగింది. పొయ్యిలో రొట్టె మాడింది.

"టైమయిందా తాతయ్యా?"

"అయింది."

"ఇంకొక్క నిమిషం."

"సరే."

"నువ్వు సరే అంటావేంటి? నువ్వు సరే అనకూడదు. వెర్డా అమ్మమ్మ నిన్ను పెట్టింది అందుకా?"

"మరేమనాలి?"

"చాల్లే, తరవాతిది చూడు అని గట్టిగా అనాలి."

నాకు గట్టిగా రాదు. చివరికి గడియారం మోగగానే పుస్తకం మీద చెయ్యి పెట్టడం మొదలెట్టాను. మాట్లాడను. చెయ్యి పెడతాను. తను ఒక నిట్టూర్పు విడిచి తరవాతిదానికి పోతుంది. ఇప్పుడు కొంచెం నయం. రానిది వదిలేస్తోంది. వదిలినదాని పక్కన చిన్న సున్నా పెట్టుకుంటోంది.

నీ లాగరిథమ్ పాఠం నేనూ విన్నాను. వెయ్యి రావాలంటే ఎన్ని పదులు గుణించాలి, మూడు, అదే లాగరిథమ్ అని రాశావు కదా. నాకు అర్థమయింది. రోజంతా కొట్టంలో అదే అనుకుంటూ తిరిగాను. మర్నాడు ఇంకో రకం వచ్చింది. అది అర్థం కాలేదు.

లోయిస్ నిన్న లేచి వంటగది దాకా వచ్చింది. కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూసి, "నాన్నా, నువ్వు కూడా పరీక్ష రాస్తావా ఏంటి" అని నవ్వింది. తరవాత వెళ్ళి పడుకుంది.

అలసటగా ఉంది. పనివల్ల కాదు. కూర్చోవడం వల్ల.

ఆల్వా


మిల్ క్రీక్
ఏప్రిల్

అన్నయ్యా,

చెయ్యి పెట్టడం బాగుంది. నలభై ఏళ్ళు గొంతు చించుకున్నాను, నాకు తట్టలేదు.

కెటూరా పంపిన కాగితాలు చూశాను. పిల్లకి బుర్ర ఉంది. చేసినవన్నీ సరిగ్గానే చేస్తోంది. ఆలస్యం ఒక్కటే జబ్బు. రోజు విడిచి రోజు అరవై లెక్కలు పెట్టు. పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది కాబట్టి ఒకటి రెండు సార్లు దాణా మిల్లువాళ్ళ ఆఫీసులో కూర్చోబెట్టు. ఆ ఎలుకలాంటిది చేత్తో పట్టుకుని తిప్పడం అలవాటవ్వాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇది దానికి చదివి వినిపించు. ప్రతి లెక్క కింద ఐదు జవాబులు ఉంటాయి, ఒకటి ఎంచుకోవాలి. తప్పు పెడితే మార్కులు కొయ్యరు. అంటే ఖాళీగా వదిలినా, తప్పు పెట్టినా ఒకటే. అలాంటప్పుడు వదలడం దేనికి? ముందు దాటి పొమ్మను, చివర్లో వెనక్కొచ్చి మిగిలినవాటన్నిటికీ ఏదో ఒకటి పెట్టెయ్యమను. ఐదింట్లో ఒకటి తగలకపోతుందా? ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దు.

ఇక్కడ స్ట్రాబెర్రీలు పూతకొచ్చాయి. వంగి చూడాలంటే దేవుడు కనిపిస్తున్నాడు.

వెర్డా


కాటన్‌వుడ్ లోయ
మే, మూడో ఆదివారం

వెర్డా,

నీ ఉత్తరం చదివి వినిపించాను.

ఖాళీ వదలొద్దన్నచోట కాస్త ఆగాను. కెటూరా తలెత్తి నా వంక చూసింది. నేను కింది లైనుకి పోయి స్ట్రాబెర్రీల గురించి చదివాను.

నువ్వు చెప్పింది తప్పనడం లేదు. వాళ్ళు ఒప్పుకుంటున్నారంటే ఒప్పుకుంటున్నట్టే. కానీ మన సంఘంవాళ్ళం కోర్టుకెళ్ళినా ప్రమాణం చెయ్యం. అవునంటే అవును, కాదంటే కాదు. ఈ పిల్ల అలాగే పెరిగింది. తెలియనిదాని మీద ఇదే జవాబని వేలు పెట్టడమంటే నాకు మింగుడుపడలేదు. పైగా చదవబోయేది నర్సు. రేపు మంచం మీద మన లోయిస్ ఉందనుకో. మందు ఎంత పొయ్యాలో తెలియని నర్సు ఐదింట్లో ఒకటి పోస్తే ఊరుకుంటావా?

ఇదంతా నీకే రాస్తున్నాను. పిల్లతో ఏమీ అనలేదు.

తేదీ ఇచ్చారు. జూలై రెండో గురువారం, పట్నం కాలేజీలో. తప్పితే మూడు నెలల దాకా మళ్ళీ రాయనివ్వరట. అంటే ఇదొక్కటే అవకాశం. సెప్టెంబరు ఈలోపే వచ్చేస్తుంది.

బడి గోడలు లేచాయి. నల్లబల్ల కూడా తెచ్చారు. కెటూరా అటు వెళ్ళడం లేదు. దారి మార్చి పోతోంది.

ఆల్వా


మిల్ క్రీక్
జూన్ మొదట్లో

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టాను. ఒకటి సొట్టపోయింది.

మందు వేరు, పరీక్ష వేరు. మంచం పక్కనుంటే ఇంకొకరిని అడగొచ్చు. నర్సుకి నేర్పేది అదే. పరీక్ష గదిలో అడగడానికి మనిషి లేడు, వాళ్ళు అడగనివ్వరు. ఎంచుకో అంటున్నారు, అంతే. ప్రమాణం చెయ్యమనడం లేదు.

"పిల్లతో ఏమీ అనలేదు" అని రాశావు. నువ్వు ఏమీ అనకపోవడం ఏమిటో ఈ కుటుంబంలో ఎవరికి తెలీదు? చిన్నప్పుడు నేను అడవి పక్క దారిలో బడికి పోతానంటే నాన్న అరిచేవాడు, అయినా పోయేదాన్ని. నువ్వు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని పక్కన నిలబడితే ఆగిపోయేదాన్ని. ఆ పిల్ల నీ వంక చూసింది. నువ్వు ఆగావు. తీర్పు అయిపోయింది. ఇప్పుడు నోరు తెరిచి సరిదిద్దు.

తెలియంది తెలిసినట్టు చెప్పడం గురించి నీకంత పట్టింపు ఉంటే ఇదీ విను. లాగరిథమ్ దాటాక నేను పంపినవి నా పాఠాలు కావు. నాకు రాదు. ప్రతి మంగళవారం బస్సెక్కి టౌను లైబ్రరీకి పోయి, అక్కడ పనిచేసే అమ్మాయిని పట్టుకుని అడుగుతున్నాను. ముక్కుకి పుడక పెట్టుకుంది, జుట్టు ఒకవైపు గొరిగించుకుంది. నా తెల్లటి సంఘం టోపీ, దాని పుడక ఒకే బల్ల మీద వంగి ఉంటే వచ్చేవాళ్ళు అటే చూస్తున్నారు. అది చెబుతుంది, నేను ఇంటికొచ్చి మన భాషలో రాస్తాను. మొదటే చెబితే నువ్వు పాఠాలు తిప్పి పంపేస్తావని చెప్పలేదు.

ఇప్పుడు అబద్ధమాడింది ఎవరు అంటావా? అను. కానీ ముందు పిల్లతో మాట్లాడు.

వెర్డా


కాటన్‌వుడ్ లోయ
జూలై

వెర్డా,

తప్పింది. యాభై రావాలి. నలభై ఏడు వచ్చింది.

నేను మాట్లాడలేదు. రేపు మాట్లాడదామనుకున్నాను. ఎండుగడ్డి కోత వచ్చింది. తరవాత ట్రక్కులో పోతూ చెబుదామనుకున్నాను. దారంతా కనుమ మీద పొగమంచు. నేను రోడ్డు చూశాను. తను కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. సూత్రాలో, ప్రార్థనో తెలీదు. కదపాలనిపించలేదు.

కాలేజీలో ఒక గది బయట నన్ను కూర్చోమన్నారు. అద్దంలోంచి తన టోపీ కనపడుతోంది. చుట్టూ పదిమంది పిల్లలు, అందరూ పొట్టి నిక్కర్లలో ఉన్నారు. అది నిటారుగా కూర్చుంది. గంటన్నర అయ్యాక వచ్చింది. ఫలితం అప్పుడే తెరమీద చూపిస్తారట. వచ్చి నా పక్కన కూర్చుని చెప్పింది, వచ్చిన మార్కు, రావలసిన మార్కు. అంతే.

ట్రక్కు ఎక్కాక అడిగాను.

"ఖాళీలు వదిలావా?"

"వదిలాను."

"ఎన్ని?"

"తొమ్మిదో పదో."

"ఏదో ఒకటి పెట్టమని అమ్మమ్మ రాసింది కదా."

"తెరమీద కూడా రాశారు తాతయ్యా, తప్పుకి మార్కులు పోవని. చదివాను."

"మరి?"

"నీకు నచ్చలేదుగా."

"నేనెప్పుడన్నాను?"

"అనలేదు. ఆగావు."

 పెట్రోలు బంకులో ఆపి యాపిల్ పై ఒకటి కొనిచ్చాను. తినలేదు. ఇంటికి తెచ్చి తమ్ముళ్ళకి పంచింది.

గేలన్ తిట్టలేదు. ప్లేటు వంక చూస్తూ, "సరే అయితే. ఓరీకి చెబుతాను, బడికి టీచరు ఉందని" అన్నాడు. ఓరీ బడి పెద్ద. కెటూరా "సరే నాన్నా" అంది. లోయిస్ లేచి లోపలికి పోయింది. వినపడకుండా ఏడవడానికి నీళ్ళ పంపు తిప్పింది.

నువ్వు చెప్పింది చెప్పినట్టే అయింది. ఇంక తిట్టుకో.

ఆల్వా


మిల్ క్రీక్
జూలై ఆఖరు

అన్నయ్యా,

తిట్టను. ఓపిక లేదు. లైబ్రరీ అమ్మాయికి చెబితే అది కుర్చీలో కూలబడి ఒక చెడ్డ మాట అంది. మామూలుగా అయితే మందలించేదాన్ని. ఆ రోజు నాక్కూడా అదే మాట సరైనదనిపించింది.

ఒక్క విషయం అడుగుతాను. పాత సంఘంలో బోధకుడి కోసం చీటీ వేసినరోజు మర్చిపోయావా? ముందు బెంచీలో తొమ్మిదిమంది మగాళ్ళు. బల్ల మీద తొమ్మిది పాటల పుస్తకాలు, ఒకదాంట్లో చీటీ. అది ఎవరికొస్తే వాళ్ళు బతికినంతకాలం బోధకులే. నీ వంతు వచ్చింది. దేంట్లో ఉందో నాకు తెలీదు, తెలియనిది ముట్టను అని కూర్చున్నావా? లేచావు. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఒక పుస్తకం తీశావు. లోపల ఏమీ లేదని చూసి నువ్వు వదిలిన ఊపిరి ఆడవాళ్ళ బెంచీల దాకా వినబడింది.

అది అబద్ధమా? అది జూదమా? నాకైతే జవాబు తెలీదు. నీకు తెలిస్తే రాయి. నాకు రాయడం దేనికి, దానికి చెప్పు.

వెర్డా


కాటన్‌వుడ్ లోయ
ఆగస్టు

వెర్డా,

చెప్పాను.

కెటూరా పీచ్ పళ్ళు డబ్బాల్లో పెట్టడానికి తొక్క తీస్తోంది. నేనూ ఒక చాకు తీసుకుని కూర్చున్నాను. చీటీ సంగతి చెప్పాను. చాలాసేపు పట్టింది. మధ్యలో ఆగిపోయాను. అది తొందరపెట్టలేదు.

అంతా విని, "అక్కడ దేవుణ్ణి అడిగి తీస్తారు కదా తాతయ్యా. పరీక్షలో దేవుణ్ణి జవాబు అడిగితే కాపీ కొట్టినట్టు కాదూ?" అంది.

 నిజం చెప్పాను. "చీటీ నాకు రావాలని అడగలేదమ్మా. రాకూడదని అడిగాను" అన్నాను. నవ్వింది. పరీక్ష అయ్యాక నవ్వడం అదే. చాకు కింద పెట్టి మరీ నవ్వింది.

"నువ్వు బోధకుడివైతే ప్రసంగం రెండు నిమిషాల్లో అయిపోయేది. అందరూ వేడి భోజనం తినేవాళ్ళు."

"అవును."

"అయితే నువ్వు పుస్తకం తీసింది, తెలుసని చెప్పడానికి కాదు."

"కాదు. నా వంతు వచ్చింది."

"వంతొస్తే తియ్యాల్సిందేనా?"

"కూర్చోనివ్వరు."

తొక్కలు తీస్తూ ఆలోచించింది. తరవాత, "ముందే చెప్పాల్సింది" అంది. కోపంగా కాదు. నేను "అవును" అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు కూర్చుని చదువు.

మొన్న సంఘం కూడికలో బడి మాట వచ్చింది. అన్నీ అయిపోయి, ఎవరైనా ఇంకేమైనా చెప్పాలా అన్నారు. నేను లేచాను. ఓరీ నన్ను చూసి, "ఆల్వా లేచాడేంటి? ఎక్కడైనా నిప్పంటుకుందా?" అన్నాడు. అందరూ నవ్వారు.  కూర్చుందామనుకున్నాను. కెటూరా నా వంకే చూస్తోంది.

ఆ పిల్ల తప్పింది తన తప్పువల్ల కాదు, నోరు తెరవాల్సిన మనిషి తెరవనందువల్ల అన్నాను. అక్టోబరు నుంచి మళ్ళీ రాయొచ్చు. గట్టెక్కితే జనవరిలో కాలేజీలో చేరొచ్చు. ఈ లోయకి టీచరు ఎంత అవసరమో, కాన్పులో చెయ్యేసే మనిషీ అంతే అవసరం. పోయిన ఏడాది మా బండి సీటు కడిగినవాళ్ళు ఇక్కడే కూర్చున్నారు, అడగండి అన్నాను. ఆ పిల్ల మాటిచ్చింది కాబట్టి తను అడగదు. మీరే వదలాలి. క్రిస్మస్ దాకా వదలండి. తప్పితే ఆ తరవాత బడి తనదే.

ఓరీ, "మరి అప్పటిదాకా పిల్లలకి చెప్పేదెవరు?" అన్నాడు.

ఆ సంగతి నేను ఆలోచించలేదు. నోట్లోంచి నీ పేరు వచ్చేసింది.

వాళ్ళు ఒప్పుకున్నారు. ఓరీ చేతులు కూడా పట్టుకుని ఊపాడు. గేలన్ బయటికొచ్చాక, "మామయ్యా, పిన్నిగారు ఒప్పుకున్నారా?" అని అడిగాడు. ఇంకా అడగలేదన్నాను. అతను కాసేపు కొండల వంక చూసి, "మీరు మాట్లాడకపోతేనే నయమేమో" అన్నాడు. ముఖం మాత్రం కోపంగా లేదు.

మాటిచ్చేశాను. నీ మాట కాదు, నాదే. రాలేనంటే వాళ్ళకి నేనే చెప్పుకుంటాను.

ఆల్వా


మిల్ క్రీక్
ఆగస్టు మూడో వారం

అన్నయ్యా,

డెబ్బై ఒకటి నాకు. ఒక తుంటి పనిచెయ్యదు, ఇంకోటి పనిచేస్తున్నట్టు నటిస్తోంది. బడి మానేసిన రోజున, ఇక సుద్దముక్క పట్టనని పదిమందిలో చెప్పాను. నాదీ మాటే కదా? నా మాట నీ నోటితో తప్పించావు. ఏళ్ళ తరబడి మూసుకున్న నోరు తెరిచి మొదట చేసిన పని ఇదా!

టొమాటోలు ఎవరు కోస్తారు? కోళ్ళకి ఎవరు పెడతారు? పక్కింటి ఎస్తేరుకి అప్పజెబితే సగం గుడ్లు దానింటికే పోతాయి.

రైలు మంగళవారం. స్టేషన్‌కి గేలన్‌ని పంపు. నువ్వు వస్తే చీకటి పడుతున్నా యాభై మైళ్ళు దాటవు.

పడక కింది గదిలో వెయ్యి, మెట్లెక్కలేను. క్రిస్మస్ దాకానే అన్నావు. మన సంఘంలో "క్రిస్మస్ దాకానే" అని పోయి పదకొండేళ్ళు ఉండిపోయిన టీచర్లను నేనెరుగుదును. నేను అలా ఉండను, చెప్పు ఓరీకి.

లైబ్రరీ అమ్మాయి కెటూరాకి తన పాత పుస్తకం ఇచ్చింది. మధ్యలో అక్కడక్కడ బొమ్మలు గీసి ఉన్నాయి. కొన్ని బాగాలేవు. వాటిని నేను చింపేశాను.

వెర్డా


పట్నం నుంచి, మార్లిన్ వాళ్ళిల్లు
నవంబరు

వెర్డా,

నువ్వు అదే లోయలో, మా కింది గదిలోనే ఉన్నావు. నీకు ఉత్తరం రాయడం చూసి మార్లిన్ భార్య వింతగా చూస్తోంది. కనుమ మీద మంచు పడి దారి మూశారు. రేపో ఎల్లుండో తెరుస్తారు. అప్పటిదాకా ఇక్కడే, పట్నంలో ఉన్న మన సంఘంవాళ్ళింట్లో.

లోయిస్‌కి ఫోనులో చెప్పాం కాబట్టి నీకూ తెలిసే ఉంటుంది. గట్టెక్కింది. యాభై ఆరు. లోయిస్ గొంతు బాగుంది. "నేనే వంట చేశాను నాన్నా ఇవాళ" అంది. మా మంచి వార్తకి అది తన మంచి వార్త చెప్పింది.

ఫోనులో చెప్పనిది ఇది.

కెటూరా గదిలోంచి వచ్చింది. ముఖంలో సంతోషం లేదు. పక్కన కూర్చుంది. "ఒక్కటీ వదల్లేదు తాతయ్యా. రానివి ఆరు ఉన్నాయి. వంతొచ్చింది, తీశాను" అంది. కాసేపయ్యాక, "వచ్చిన మార్కుల్లో ఎన్ని నావో, ఎన్ని తగిలినవో వాళ్ళు చెప్పరట" అంది.

"తెలిస్తే ఏం చేస్తావు?"

"తగిలినవి ఇంటికెళ్ళి నేర్చుకుంటాను."

"ఆరూ నేర్చుకో. ఏది తగిలిందో ఎందుకు?"

నా వంక చూసింది. ఈసారి నేను ఆగలేదు. "నువ్వు గెలిచావమ్మా. ఇంటికి పోదాం పద" అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఆ పొట్టి నిక్కర్ల పిల్లల్లో ఒకతను కాగితం రుమాలు తెచ్చిచ్చాడు. మంచి పిల్లాడు.

ఇప్పుడు సోఫాలో నిద్రపోతోంది. మధ్యాహ్నం మూడు గంటలకి. ఎన్ని నెలల నిద్రో.

జనవరిలో వెళ్ళిపోతుంది. క్రిస్మస్‌కి నువ్వూ వెళ్ళాలి. బడి కోసం అడగడం లేదు. బడికి ఓరీ ఎవర్నో వెతుక్కుంటాడు, వెతుక్కోనీ.

వంటింటి బల్ల దగ్గర ఈ ఏడాదంతా ఎవరో ఒకరు నన్నేదో అడుగుతూనే ఉన్నారు. మొదట ఈ పిల్ల. తరవాత మీరిద్దరూ. నేను జవాబు చెప్పేలోగా మీరే చెప్పేసుకుని దెబ్బలాడుకునేవాళ్ళు. గేలన్ పనికి పోతాడు. లోయిస్‌కి చంటివాడు. ఆ బల్ల దగ్గర నేనొక్కణ్ణే కూర్చుంటే, నా సంగతి నాకు తెలుసు, మళ్ళీ మాట్లాడటం మానేస్తాను. ఇప్పుడు మానెయ్యాలని లేదు.

నువ్వు ఉండిపో.

ఎదురుగా అడగలేక ఇక్కణ్ణుంచి రాస్తున్నాను. దారి తెరిస్తే ఉత్తరం కంటే మేమే ముందొస్తాం. రాగానే నన్నేమీ అడక్కు. ఇది అందేదాకా నాకు ఏమీ తెలియనట్టే ఉంటాను. అందాక కూడా నోటితో చెప్పక్కర్లేదు. ఉండాలని ఉంటే నీ ఖాళీ పెట్టె గేలన్‌తో అటక మీద పెట్టించు. చూసి తెలుసుకుంటాను.

అన్న,
ఆల్వా